ఎర్ర పెన్సిలు కొట్టేసిన దారి

ఆయన్ని డిపోలో పద్నాలుగు అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది, జీతం కాగితం మీద ఉంది, ఇంకెక్కడా వినిపించదు. పాత మార్కెట్టు నుంచి ఆసుపత్రి గేటు దాకా ముప్పై ఒక్క స్టాపులు, పద్నాలుగో నంబరు బస్సు. ఇరవై ఆరేళ్ళుగా అదే నడుపుతున్నాడు. బస్సులు మారాయి, టిక్కెట్టు మిషన్లు మారాయి, సీట్ల రంగు మూడుసార్లు మారింది. ఆయనా మారలేదు, దారీ మారలేదు. మధ్యలో ఒకసారి పై అధికారి పిలిచి, "ఇంకేదైనా రూటు కావాలంటే అడగవయ్యా, ఇస్తాం" అన్నాడట. "మీ ఇష్టం సార్" అన్నాడట ఈయన. సార్ ఇష్టం మళ్ళీ పద్నాలుగే అయింది.

అలాంటి మనిషిని కూర్చోబెట్టి, ఇదిగో ఒక దేశం, ఇవిగో రెండు సైకిళ్ళు, ఇవిగో పన్నెండు రోజులు, ఎటు పోదామో దారి నువ్వే తేల్చు అంటే ఏమైపోతాడో మీరే చెప్పండి. కాళ్ళూ చేతులూ ఆడవు. అన్నది కూడా ఎవరో దారిన పోయేవాళ్ళు కాదు, కట్టుకున్న భార్యే.

ఆవిడ పని చేసేది కళ్ళద్దాల దుకాణంలో. వెనక ఒక చీకటి గది, అందులో ఒక ఎత్తు కుర్చీ, ఎదురుగా గోడ మీద పెద్దవి పైన, చిన్నవి కింద, అక్షరాల పలక. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన ఉత్త ఫ్రేము పెట్టి, అందులో అద్దాలు మార్చి మార్చి వేస్తూ, "ఇదా... ఇదా? మొదటిది బాగుందా, రెండోదా?" అని అడగడం ఆవిడ ఉద్యోగం. రోజుకి పాతిక మందిని అడుగుతుంది. పాతిక మందీ ఏదో ఒకటి చెబుతారు. బడికెళ్ళే పిల్లలు సైతం ఠకీమని చెబుతారు. ఇంటికొచ్చి ఇరవై నాలుగేళ్ళుగా ఒకే ఒక్క మనిషిని అడుగుతోంది, అక్కడ మాత్రం జవాబు లేదు. కూరేం చెయ్యను అంటే నీ ఇష్టం. గోడలకి ఏ రంగు వేయిద్దాం అంటే నీ ఇష్టం. పుట్టిన పిల్లకి ఏం పేరు పెడదాం అన్నా నీ ఇష్టమే అన్నాడు మహానుభావుడు. ఆ పిల్ల ఇప్పుడు పెరిగి పెద్దదై వేరే ఊళ్ళో చదువుకుంటోంది.

ఎంత అదృష్టవంతురాలివమ్మా, ఎదురు చెప్పని మొగుడు దొరికాడు అని దుకాణంలో తోటి ఆడవాళ్ళు అనేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేది. ఎదురు చెప్పని మనిషితో ఎంత ఒంటరిగా ఉంటుందో వాళ్ళకేం తెలుసు? గోడకి బంతి వేసి ఆడుకున్నట్టుంటుంది. ఆటే, కాదనను. కానీ అవతల మనిషి లేడు.

ఇద్దరికీ సైకిళ్ళంటే మాత్రం ప్రాణం. ఆదివారం డ్యూటీ లేకపోతే చాలు, కాలవ గట్టు పట్టుకుని పోతారు. ముందు ఆవిడ, వెనక ఆయన. ఆ ఏడాది, పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి, ఇద్దరికీ ఒకేసారి రెండు వారాలు సెలవు దొరికింది. అద్దాల కోసం వచ్చిన ఒక పెద్దాయన ఆవిడకి ఒక దేశం గురించి చెప్పాడు. అక్కడ సైకిళ్ళకి వేరే దారులున్నాయి, నదుల పక్కనుంచి, తోటల్లోంచి, మూసేసిన పాత రైలు పట్టాల మీదుగా పోతాయి, సైకిళ్ళు అక్కడే అద్దెకిస్తారు అని. ఆవిడ ఆ రోజే నిశ్చయించేసుకుంది. ఏ ఊళ్ళో విమానం దిగాలో చూసింది, టిక్కెట్లు తీసింది, ఒక పెద్ద మ్యాపు కొనుక్కొచ్చింది. సోమవారం పొద్దున్న టీ తాగుతుండగా దాన్ని ఆయన ముందు పెట్టింది.

"ఎక్కడ దిగాలో నేను చూశాను. అక్కడి నుంచి దారి మీరు చెప్పండి."

"దానిదేముంది, నీ ఇష్..."

"ఆ మాట అనొద్దు." ఆవిడ కప్పు కింద పెట్టింది. "ఇరవై నాలుగేళ్ళ నుంచి నాకు నచ్చిందే వండుకుంటున్నాం, నాకు నచ్చిన చోటికే వెళ్తున్నాం. మీకేం నచ్చుతుందో నాకు తెలీదండీ. నిజంగా తెలీదు. ఒక్కసారి చూడాలనుంది. మీరు ముందు పోతుంటే మీ వెనకాల తొక్కుకుంటూ రావాలనుంది."

ఆయన మ్యాపు మడత ఒకటి విప్పి మళ్ళీ మూశాడు.

"ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా సైకిళ్ళవాళ్ళకి చెప్పాలి. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, మధ్యలో రాత్రిళ్ళు ఎక్కడెక్కడ ఉంటాం అని. చెప్పకపోతే ఆ సైకిళ్ళు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. అప్పుడింక మా అక్కయ్య వాళ్ళతో పోదాం. పన్నెండు రోజుల్లో ఆరు దేశాలు చూపిస్తారట. అంతా బస్సులోనే."

బస్సు అనేసరికి పద్నాలుగాయన టీ కప్పు వదిలేసి లేచాడు. దొరక్క దొరక్క దొరికిన సెలవు పెట్టుకుని పరాయివాడు నడిపే బస్సులో కూర్చోవడమా? అవతలివాడు బ్రేకు వెయ్యాల్సిన చోటల్లా తన కాలు ఉత్తినే నేలని తొక్కుతూ, పన్నెండు రోజులా? మ్యాపు మడిచి చంకలో పెట్టుకుని డిపోకి పోయాడు.

డిపోలో డ్రైవర్లు కూర్చునే గదిలో పొడుగాటి రేకు బల్ల ఒకటుంది. మంగళవారం భోజనాలయ్యాక ఆ బల్ల మీద మ్యాపు పరిచాడు. పక్కన ఆయన బస్సు కండక్టరు చేరాడు. స్టాపుల పేర్లు ఆఖరి సీటు దాకా మోగేట్టు పిలుస్తాడని ఆయనకి కంఠం అని పేరు. వయసులో నాలుగేళ్ళు పెద్ద, ఇంకో రెండేళ్ళలో ఉద్యోగం దిగిపోతాడు.

"అన్నా, ఒక రూటు వెయ్యాలి" అన్నాడు పద్నాలుగాయన.

"అదెంత పని తమ్ముడూ. ముందు మొదటి స్టాపూ ఆఖరి స్టాపూ పెట్టు. మధ్యలోది దానంతటదే వస్తుంది."

ఇక చూడండి. బస్సు పని చేసేవాళ్ళు ఇద్దరు కూర్చుని సైకిలు దారి వేస్తే ఎలా ఉంటుందో అలాగే సాగింది. ఇద్దరికీ తెలిసిన విద్య అదొక్కటే, పాపం, ఏం చేస్తారు? మ్యాపులో ఆకుపచ్చ చుక్కలతో సైకిలు దారులు గీసి ఉన్నాయి. వాటి మీద చిన్న చిన్న బొమ్మ గుర్తులు. వంతెన, సొరంగం, రాళ్ళ బాట, దారి ఇరుకు. పద్నాలుగాయన ఒక ఎర్ర పెన్సిలు తెచ్చుకుని, గుర్తు కనిపించిన చోటల్లా ఫోనులో ఆ చోటి ఫోటో తెరిచి, రెండు వేళ్ళతో పెద్దది చేసి, ఎడమ కన్ను మూసుకుని చూసేవాడు. ఎడమ కన్ను మూసుకుని చదవడం ఆయనకి ఈమధ్య అలవాటు. చూసి నిట్టూర్చి, ఎర్రగా ఇంటూ గుర్తు కొట్టేసేవాడు.

"ఈ సొరంగం ఎత్తు రెండున్నర మీటర్లే అన్నా."

"కొట్టెయ్."

"ఈ చెక్క వంతెన మూడు టన్నులు దాటితే ఒప్పుకోదు."

"అమ్మో, కొట్టెయ్ కొట్టెయ్."

"ఇది చెరువు దగ్గర ఆగిపోతోంది. తిప్పుకోడానికి చోటు లేదు."

"రివర్స్ లో ఎంత దూరం వస్తావు? కొట్టెయ్ తమ్ముడూ."

నవ్వకండి. ఆ ఇద్దరూ మహా శ్రద్ధగా చేశారు ఆ పని. మంగళ, బుధ, గురు, మూడు రోజులు మధ్యాహ్నం టీ కూడా బల్ల దగ్గరికే తెప్పించుకున్నారు. మొత్తం పంతొమ్మిది చోట్ల ఎర్ర గుర్తులు పడ్డాయి. కొట్టేస్తుంటే పద్నాలుగాయనకి లోపల ఎక్కడో చిన్న బాధ కలిగేది. ఆ సొరంగం ఫోటో ఒకసారి కాదు, నాలుగుసార్లు తెరిచి చూశాడు. లోపలంతా చీకటి, అవతల చివర నాణెమంత వెలుగు. కానీ నియమం నియమమే కదా అనుకున్నాడు.

బుధవారం సాయంత్రం ఇంటి దగ్గర ఆవిడ తన విద్య తను ప్రయోగించింది. ఆ దేశం ఫోటోలు అచ్చు వేయించి తెచ్చి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, రెండేసి చొప్పున మొహం ముందు పెట్టింది.

"ఇదా... ఇదా? కొండా, నదా?"

"రెండూ బాగానే ఉన్నాయి."

"నదా, సరస్సా?"

"రెండిట్లోనూ నీళ్ళేగా. బాగానే ఉన్నాయి."

"సరస్సా, గొర్రెలా?"

ఆయన గొర్రెల వంక కాసేపు చూశాడు. ఆవిడ ఆయన కుర్చీ దగ్గరికి జరిగింది.

"గొర్రెలు కూడా బాగానే ఉన్నాయి" అన్నాడు.

ఆవిడ ఫోటోలన్నీ పేకముక్కల్లా సర్ది బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు ఆ సాయంత్రం కాస్త ఎక్కువగానే వినిపించింది. నన్నడిగితే ఆవిడ ఓపికకి దణ్ణం పెట్టాలి. నేనైతే ఆ గొర్రెలని నెత్తిన వేసి కొట్టేదాన్ని.

శుక్రవారం సాయంత్రం పద్నాలుగాయన విజయగర్వంతో ఇంటికొచ్చాడు. మ్యాపు మీద నీలం పెన్సిలుతో నున్నగా ఒక దారి, దాంతోపాటు నాలుగు కాగితాల టైం టేబులు. కంఠం అన్న చేతిరాత, మంచి గుండ్రటి అక్షరాలు. ఆవిడ చేతులు తుడుచుకుని ఆత్రంగా వచ్చి కూర్చుంది. చదివింది. తొమ్మిదీ పదికి బయలుదేరుట. తొమ్మిదీ ఇరవై రెండు, పెట్రోలు బంకు. తొమ్మిదీ నలభై, పెద్ద కూడలి, రెండు నిమిషాలు ఆగుట.

"ఇదేమిటి, దారంతా లారీలు పోయే పెద్ద రోడ్డే?"

"వెడల్పుగా ఉంటుంది. ఎక్కడా ఇబ్బంది ఉండదు."

"ఏడో రోజు నుంచి మళ్ళీ ఇవే ఊళ్ళు వెనక నుంచి ముందుకి రాశారేం?"

"అది డౌన్ ట్రిప్పు."

"వెళ్ళిన దారినే తిరిగి రావడమెందుకండీ?"

"మరి బండి డిపోకి చేరొద్దూ?"

ఆవిడ ఆయన మొహం వంక చూసింది. హాస్యమాడుతున్నాడేమో అనుకుంది. ఆయన మొహంలో హాస్యం లేదు. మ్యాపు దగ్గరికి లాక్కుని ఒక ఎర్ర గుర్తు మీద వేలు పెట్టింది.

"ఇదెందుకు కొట్టేశారు? పాత రైలు సొరంగం. ఆ పెద్దాయన దీని గురించే తెగ చెప్పాడు."

"ఎత్తు రెండున్నర మీటర్లే."

"మీరెంత ఎత్తు?"

ఆవిడ ఇంకో గుర్తు చూపించింది. మూడు టన్నులు. "మనమిద్దరం ఎంతుంటాం? నేను ఈమధ్య కాస్త ఒళ్ళు చేశాను, కాదనను, కానీ మరీ మూడు టన్నులా?" ఇంకో గుర్తు. తిప్పుకోడానికి చోటు లేదు. ఆవిడకి నవ్వాగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. సిగ్గేసింది, కానీ నవ్వొచ్చింది. చాన్నాళ్ళకి ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి అంత నవ్వు నవ్వారు.

నవ్వు ఆగాక ఆవిడ టైం టేబులు కాగితాలు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"కష్టపడ్డారు. ఎంత కష్టపడ్డారో తెలుస్తూనే ఉంది" అంది. "కానీ ఇది బస్సుకి నచ్చే దారి. ఇందులో మీరెక్కడున్నారు?"

ఆవిడ కాగితాలు జాగ్రత్తగా మడిచి మ్యాపులో పెట్టింది. "ఆదివారం ఆరింటిదాకా చూస్తాను. తర్వాత అక్కయ్యకి ఫోన్ చేస్తాను" అని లేచింది. గొంతులో కోపం లేదు. కోపముంటే ఆయనకి కాస్త ధైర్యంగా ఉండేది. కోపాన్ని ఎలా దాటాలో ఆయనకి తెలుసు, ఊరుకుంటే పోతుంది. ఇది ఊరుకుంటే పోయేది కాదని ఆ క్షణాన అర్థమైంది, భయమేసింది.

శనివారం డ్యూటీ. పదిహేడో స్టాపు దాటాక గడియారాల దుకాణం మూల వస్తుంది. అక్కడ పద్నాలుగు కుడివైపు తిరగాలి. నేరుగా ముందుకి ఒక సందు పోతుంది. దాని మొదట్లో గుండ్రటి పలక, పెద్ద బళ్ళు రాకూడదని. సందు కొంచెం పల్లంగా దిగుతుంది, ఎడమ పక్కన ఒక పసుపు తలుపు, దాని పక్కన నీళ్ళ పీపా, ఆ తర్వాత వంపు. అంతే కనిపిస్తుంది. ఆ మూలలో ఎర్ర లైటు పడితే పద్నాలుగాయన ఇరవై ఆరేళ్ళుగా ఆ వంపు వంక చూస్తూనే ఉన్నాడు. పసుపు తలుపు మొదట్లో ఆకుపచ్చగా ఉండేదని కూడా ఆయనకి గుర్తుంది. ఆ వంపు అవతల ఏముందో మాత్రం తెలీదు. లైటు మారుతుంది, కుడివైపు తిప్పేస్తాడు.

ఆ రోజు కూడా లైటు పడింది. చూశాడు. లైటు మారింది. కదలలేదు. వెనక కార్లు మోతెత్తించాయి.

"తమ్ముడూ, ఏంటి, బండి ఆగిందా?" కంఠం అన్న వెనక నుంచి కేకేశాడు.

"లేదన్నా. ఆ సందు ఎటు పోతుందో నీకు తెలుసా?"

"ఏ సందు?" అన్నాడు కంఠం అన్న. పంతొమ్మిదేళ్ళుగా ఆ మూల మీదుగా రోజుకి పన్నెండుసార్లు పోతున్న మనిషి.

ఆదివారం పొద్దున్నే ఆయన సైకిళ్ళు రెండూ బయట పెట్టి, గాలి చూసి, ఆవిడని పిలిచాడు. "ఒకచోటికి పోదాం, వస్తావా?" అన్నాడు. ఎక్కడికని ఆవిడ అడగలేదు. అడిగితే ఎక్కడ జారిపోతాడోనని భయపడింది. గబగబా బూట్లు వేసుకుంది. మొదటిసారి ఆయన ముందు, ఆవిడ వెనక.

గడియారాల దుకాణం మూలకి వచ్చారు. ఆయన అలవాటుగా కుడిచెయ్యి చాపబోయి ఆగాడు. గుండ్రటి పలక పక్కనుంచి నేరుగా సందులోకి దిగిపోయాడు. పసుపు తలుపు, నీళ్ళ పీపా, వంపు. వంపు తిరిగితే ఏముందంటారా? ఏమీ లేదు. పాత కుర్చీలు బాగుచేసే ఒక కొట్టు, మూసి ఉంది. ఒక పెరడు. పెరట్లో బాతులు. బాతుల్లో ఒకటి ఆయన్ని చూడగానే మెడ చాపి, రెక్కలు విప్పుకుని వెంటపడింది. ముప్పై ఒక్క స్టాపుల జనాన్ని అదుపులో పెట్టే మనిషి సైకిలు వదిలేసి గోడెక్కాడు. ఆవిడ నవ్వలేక హ్యాండిలు పట్టుకుని వంగిపోయింది.

బట్టలారేస్తున్న ఒకావిడ బాతుని అదిలించి, "అటు దారి లేదండీ" అంది. మళ్ళీ సైకిళ్ళు చూసి, "ఆఁ, సైకిళ్ళయితే పడతాయిలెండి" అని రెండు గోడల మధ్య సందు చూపించింది. హ్యాండిలు పట్టేంత చోటే ఉంది. అటూ ఇటూ వేళ్ళు గీసుకుపోతుంటే నెట్టుకుంటూ వెళ్ళారు. అవతల ఒక్కసారిగా కాలవ. వాళ్ళకి తెలిసిన గట్టు కాదు, అవతలి గట్టు. గడ్డి మోకాళ్ళ దాకా ఉంది. ఎదురుగా, ఎత్తున, వంతెన మీద నుంచి ఒక ఎర్ర బస్సు పోతోంది.

"మీదే" అంది ఆవిడ.

నిజమే, పద్నాలుగే. ఆదివారం డ్రైవరు నడుపుతున్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన తన బస్సుని అంత దూరం నుంచి చూడలేదు. అగ్గిపెట్టెంత ఉంది. చక్కగా కుడివైపు తిరిగి వెళ్ళిపోయింది. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి మీద గోడ గీరిన చోట మంటగా ఉంది, ప్యాంటుకి బాతు రెట్ట అంటింది, ఆయనకి ఎంత సంతోషంగా ఉందంటే చెప్పలేను.

"నాకు ఇలాంటివి ఇష్టం" అన్నాడు.

ఆవిడ చెవులు తనని మోసం చేస్తున్నాయేమో అనుకుంది. "ఎలాంటివి?" అని నెమ్మదిగా అడిగింది.

"బస్సు పట్టనివి."

ఇంటికొచ్చి భోజనం చేసి మ్యాపు పరిచాడు. నీలం దారిని రబ్బరుతో చెరిపేశాడు. ఎర్ర పెన్సిలు తీసుకుని, తను కొట్టేసిన పంతొమ్మిది గుర్తులనీ ఒకదాన్నుంచి ఒకదానికి కలపడం మొదలుపెట్టాడు. సొరంగం, దాన్నుంచి చెక్క వంతెన, అక్కడి నుంచి చెరువు దగ్గర ఆగిపోయే బాట. ఆవిడ ఎదురుగా కూర్చుని చూస్తోంది. మాట్లాడితే చెదిరిపోతుందన్నట్టు గుటకలు కూడా మెల్లగా మింగుతోంది. సగం దూరం బాగానే పోయింది. తర్వాత పెన్సిలు ఆగింది. ఆయన కళ్ళద్దాలు పైకి తోశాడు, మ్యాపు దూరం పెట్టాడు, దగ్గర పెట్టాడు, ఎడమ కన్ను మూశాడు.

"ఏమైంది?"

"ఈ ఊళ్ళ పేర్లు మరీ చిన్నవి. రెండు దారులు అతుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి."

"కొత్త అద్దాలేగా అవి. రెండేళ్ళు కూడా కాలేదు. నేనే చూసి ఇచ్చాను."

ఆయన మళ్ళీ ఎడమ కన్ను మూసి మ్యాపు మీదికి వంగాడు. ఆవిడ వృత్తి బుద్ధి మేలుకుంది. "ఆ కన్ను ఎందుకు మూస్తున్నారు?"

ఆయన పెన్సిలు కింద పెట్టాడు. ఇంక దాచి లాభం లేదనుకున్నాడు. "ఎడమ వైపుది సరిగ్గా లేదు" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"చేసిచ్చిన రోజు నుంచి."

"అదేమిటండీ. ఆ రోజు మొదటిదా రెండోదా అని నాలుగుసార్లు అడిగాను."

"రెండోది బాగుండింది. నువ్వు మొదటిదాన్ని పట్టుకుని, ఇదే కదూ అన్నావు. బాగా అలిసిపోయి ఉన్నావు ఆ వేళ. సరేలే, నీ ఇష్టం అన్నాను."

ఆవిడ మొహం ఎర్రబడింది. "రెండేళ్ళు ఒంటికన్నుతో పేపరు చదివారా? బాగున్నాయా అని అడిగిన ప్రతిసారీ బ్రహ్మాండం అన్నారే. నా చేత్తో నేనే మీకు తప్పు అద్దం పెట్టానే, ఒక్క మాట అనలేకపోయారా? నేనేమన్నా మిమ్మల్ని కొరికేస్తానా?" పెన్సిలు అవతలికి తోసేసింది. "మీరు నాకోసం సర్దుకుపోతున్నానని అనుకుంటారు. కానీ నన్ను బయటే నిలబెట్టి తలుపేసుకుంటున్నారండీ."

ఆయనకి ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. కుడివైపు తిరిగి తప్పించుకోవడానికి ఈసారి మూల లేదు. "తప్పే" అన్నాడు. "నాకు తెలీలేదు. తప్పే."

ఆవిడ గోడ గడియారం చూసింది. నాలుగున్నర. కొక్కేనికి వేలాడుతున్న దుకాణం తాళం చెవులు తీసింది. "మ్యాపు తీసుకుని పదండి" అంది.

ఆదివారం కాబట్టి దుకాణం మూసి ఉంది. వెనక గదిలో లైటు వేసి, ఆయన్ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టింది. కుడి కన్నుకి అడ్డం వేసింది. చదివే అక్షరాల అట్ట చేతికిచ్చింది. అద్దం వేసింది, తీసింది, ఇంకోటి వేసింది. చేతులు కఠినంగానే కదులుతున్నాయి, ఇంకా కోపం తగ్గలేదు.

"ఇదా... ఇదా?"

"రెండోది."

"ఖాయమా?"

"మొదటిది మసగ్గా ఉంది. రెండోది."

"ఇప్పుడు? ఇదా... ఇదా?"

"మొదటిది."

ఆవిడ పొరబాటున, "రెండోది కాదూ?" అంది. వృత్తిలో అలా అడగకూడదు. ఆయన అట్ట వంక మళ్ళీ చూశాడు, భార్య వంక చూశాడు.

"కాదు. మొదటిదే" అన్నాడు.

ఆవిడ చేతులు అప్పుడు మెత్తబడ్డాయి. అద్దం బిగించి, కుడి కన్ను అడ్డం తీసి అక్కడా అద్దం వేసి, మ్యాపు ఆయన ఒళ్ళో పరిచి, దీపం దగ్గరికి జరిపింది. ఆయన రెండు కళ్ళూ తెరిచి చూశాడు. దారులు విడిపోయాయి, ఊళ్ళు వేటికవి నిలబడ్డాయి. ఎవరో మ్యాపు మీద దుమ్ము తుడిచినట్టుంది. ఆయన ఒక్కో పేరూ కూడబలుక్కుని చదువుతుంటే ఆవిడ ఫోనులో సైకిళ్ళవాళ్ళకి రాస్తూ పోయింది. మొదటి రాత్రి ఇక్కడ. సొరంగం దాటాక రెండో రాత్రి. చెక్క వంతెన దగ్గర ఒక రోజంతా ఉందాం, అక్కడ ఊరికే కూర్చోవాలనుంది అన్నాడు. ఊరికే కూర్చోవాలనుందట. ఆవిడ అదీ రాసుకుంది.

తొమ్మిదో రోజు దగ్గర దారి రెండుగా చీలింది. రెండింటి మీదా ఎర్ర గుర్తులున్నాయి, రెండూ చివరికి ఆఖరి ఊరే చేరతాయి. ఆయన ఆగాడు. ఆవిడ నాలుక చివరిదాకా ఏదో వచ్చింది, పెదవి కొరుక్కుని ఆపుకుంది. గోడ మీద గడియారం ఆరుకి ఇరవై నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"ఎడమది" అన్నాడు.

"ఎందుకు? అటు ఏముంది?"

"ఏముందో తెలీదు. నాకు అటు వెళ్ళాలనుంది."

ఆవిడ ఆ ఎడమ దారిలోని ఊరి పేరు రాయబోయింది. అక్షరాలు కనిపించలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ రాయబోయింది, మళ్ళీ అలికేసినట్టయ్యాయి.

"ఏమైంది?" అన్నాడు ఆయన, ముక్కు మీద అంత బరువైన ఫ్రేముతో తలెత్తి.

"ఏం లేదు. సరిగ్గా కనిపించట్లేదు."

ఆయన కుర్చీలోంచి దిగాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని తన చోట్లో కూర్చోబెట్టి, ఫోను తను తీసుకుని, ఆ ఊరి పేరూ ఆఖరి ఊరి పేరూ తనే రాసి పంపాడు.